ఉరుము వినబడని దూరం

దక్షిణ అమెరికాలోని వెనిజులా దేశంలో, కాటటుంబో నది మారకైబో సరస్సులో కలిసే చోట, చీకటి పడిన కొద్ది గంటలకు ఆకాశం మెరవడం ఆరంభిస్తుంది. అర్ధరాత్రి దాటిన పిమ్మట మెరుపులు ముమ్మరమవుతాయి. తెల్లవారుజాము వరకు ఆ వెలుగు ఆరదు. ఏటా సగటున 297 రాత్రులు అక్కడ పిడుగుల వానలే. ఉపగ్రహం 1998 నుండి 2013 వరకు సేకరించిన వివరాలను పరిశీలించిన శాస్త్రజ్ఞులు, భూగోళం మీద మెరుపులకు ఇంతటి ఆటపట్టు మరొకటి లేదని 2016లో తేల్చారు. చదరపు కిలోమీటరుకు సాలీనా 233 మెరుపులని వారి లెక్క.

సరస్సు దక్షిణ భాగాన్ని మూడు వైపులా పర్వతాలు చుట్టుముట్టాయి. రాత్రివేళ ఆ కొండల మీదినుండి దిగివచ్చే చల్లగాలి, వెచ్చని నీటిపై నిలిచిన తేమగాలిని పైకి నెడుతుంది. ఆ తేమే కారుమేఘమవుతుంది. పూర్వపు నావికులు ఈ కాంతినే దారిగురుతుగా చేసుకున్నారు. ‘మారకైబో దీపస్తంభం’ అన్న పేరు దీనికి అలా వచ్చిందే.

ఈ మెరుపులకు ఉరుము ఉండదని చాలాకాలం ఒక నమ్మకం ప్రచారంలో ఉండేది. నిజానికి ఉరుము లేని మెరుపు లేదు. వెలుగు 100 కిలోమీటర్ల అవతలికి సైతం కానవచ్చినా, శబ్దం సాధారణంగా 20, 25 కిలోమీటర్లు దాటి వినిపించదు. చూచినవారు దూరాన నిలిచి చూచారు, అంతే.

మెరుపును ఛాయాచిత్రంలో బంధించగోరేవారికి కూడా దూరమే శ్రేయస్కరం. అనుభవజ్ఞులు ఊగే పడవను విడిచి గట్టి నేలను వెతుక్కుంటారు. కెమెరాను ముక్కాలి స్టాండుకు బిగించి, దూరపు దీపం మీద ఫోకస్ కుదిర్చి, మరి దానిని కదలనివ్వరు. ఐ.ఎస్.ఓ. 100, అపర్చర్ ఎఫ్/8, షట్టర్ 15 నుండి 30 సెకన్లు తెరిచి ఉంచడం తొలి ప్రయత్నానికి తగిన కొలతలు. మెరుపుతీగ మరీ తెల్లబారితే అపర్చర్‌ను కుదిస్తారు. కొండలూ నీరూ నల్లగా మిగిలిపోతే వ్యవధి పెంచుతారు. మెరుపును చూచి మీట నొక్కేవాడు ఎప్పుడూ ఆలస్యమే. అతిథి వచ్చే వేళ తెలియనప్పుడు తలుపు తీసి ఉంచవలసిందే.

అయితే ఆ అతిథి మరీ దగ్గరకు రాకూడదు. మెరుపుకూ ఉరుముకూ నడుమ ప్రతి 3 సెకన్లు సుమారు ఒక కిలోమీటరు. ఆ ఎడం 30 సెకన్లకు తగ్గితే, దృశ్యం ఎంత ఊరిస్తున్నా, పక్కా భవనంలోకో అద్దాలు మూసిన కారులోకో వెళ్ళాలి. చివరి ఉరుము వినిపించాక 30 నిమిషాలు గడిస్తేగాని వెలుపలికి రారాదు.

సరస్సు నీటిలో కొయ్యగుంజలపై ఇళ్ళు కట్టుకున్న బెస్తలకు ఆ వెసులుబాటు లేదు. వారి పడవలకు పైకప్పులుండవు. ఒడ్డున నిలిచిన కెమెరాకు అందంగా చిక్కిన ఆ వెలుగు కిందనే, ఎక్కడో ఒక చిన్న పడవ ఇంటిదారి పట్టి ఉండవచ్చు.