మనోడు కూర్చునే సెక్షన్ ఏది వదినా?

ఇంటరు కాలేజీ పీఆర్వో మీ ఇంటికీ వచ్చిపోయినాడంట గదా వదినా. పదో తరగతి రిజల్టు రాకముందే, ఇప్పుడే కొంచెం కట్టి సీటు పట్టుకుంటే ఫీజులో రాయితీ అన్నాడంట. ఆ దుడ్లు అప్పుడే ఇయ్యొద్దు. అన్నకూ చెప్పు. రెండేండ్లకు హాస్టలుతో కలిపి వాళ్లడిగేది మీ నల్లరేగడిలో పండిన శనగలన్నీ అమ్మినా సరిపోదు. అంత పెట్టేటప్పుడు నాలుగు మాటలు గట్టిగా అడగాల.

కర్నూలు రాజ్‌విహార్ సెంటర్లో హోర్డింగులు చూసింటావు. కడపకు పోతే కోటిరెడ్డి సర్కిల్ దగ్గరా అవే ఫొటోలు, అవే ర్యాంకులు. అవి అబద్ధమని నేననను. ఆ పిల్లలు రాత్రింబగళ్లు చదివి తెచ్చుకున్నవే. అయితే వాళ్లు కూర్చున్న గదిలో మన పెద్దోడు కూర్చుంటాడా? చాలా కాలేజీల్లో చేరినాక ఒక పరీక్ష పెట్టి, మార్కులను బట్టి సెక్షన్లు చేస్తారు. పై సెక్షనుకు పేరుమోసిన సార్లు, వేరే మెటీరియలు, రాత్రి డౌట్లు తీర్చేవాళ్లు. కింది సెక్షనుకు ఏడాదిలో ఫిజిక్సు సారు మూడుసార్లు మారినా పట్టించుకునేవాళ్లుండరు. పైవాళ్లకు రాయితీ ఇచ్చి, కిందివాళ్ల దగ్గర నిండు ఫీజు తీసుకుంటారు. నాకు కడుపు మండేది అక్కడే.

అందుకే ‘మీకు ఎన్ని ర్యాంకులొచ్చినాయి’ అని అడగొద్దు వదినా. ‘మావోనికి వచ్చే మార్కులకు ఏ సెక్షనిస్తారు? దానికి లెక్కల సారెవరు? పోయినేడు అదే సెక్షన్లో చదివినోళ్లు ఇప్పుడు యాడ చదువుతాండారు?’ అని అడుగు. జవాబు చెప్పకుండా మళ్లా ఫస్టు ర్యాంకు కతే ఎత్తుకుంటే, కాఫీ ఇచ్చి పంపించెయ్. 2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ కోచింగ్ ప్రకటనలకు కట్టుబాట్లు పెట్టింది. ఒక పిల్ల ఫొటో వేస్తే, ఆ పిల్ల వాళ్ల దగ్గర ఏ కోర్సు తీసుకుందో కూడా రాయాల. రెండేండ్లు పాఠం విన్నదా, ఆఖర్న టెస్టులు మాత్రం రాసిందా అనేది మనకు తెలియాల గదా.

ఇంగ పరీక్ష సంగతి. ఇంటరు, ఈఏపీసెట్, జేఈఈ అన్నీ కలిపి చెప్తామంటారు. వినేదానికి బాగానే ఉంటాది. ఈఏపీసెట్‌లో మూడు గంటలకు 160 ప్రశ్నలు, దాంట్లో 80 లెక్కలవే. తప్పు పెడితే మార్కు పోదు. నిమిషానికొకటి చొప్పున చెయ్యి ఆడాల. జేఈఈ మెయిన్‌లో అదే మూడు గంటలకు 75 ప్రశ్నలు, తప్పుకు ఒక మార్కు కోత. ఆడ నిదానంగా ఆలోచించేటోడు నెగ్గుతాడు. రెండిటికీ సాధన వేరే. మనోడు ఏ తీరు పిల్లోడో నీకంటే ఎవరికి తెలుసు? జగన్నాథగట్టు మీదుండే ట్రిపుల్ ఐటీ డీఎం కావాలంటే జేఈఈ మెయిన్ రాయాల్సిందే. జి. పుల్లారెడ్డి కాలేజీకో, పులివెందుల జేఎన్‌టీయూకో అయితే ఈఏపీసెట్ చాలు. ఈఏపీసెట్ ర్యాంకులో ఇంటరు మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంది. కరోనా ఏండ్లలో తీసేసి, 2023లో మళ్లా పెట్టినారు. ఇంటరు పుస్తకం మూలకేసి ఉత్త బిట్లు రుద్దించే చోట ఆ పాతిక శాతం పోగొట్టుకుంటాడు.

ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీకైతే ఏ కోచింగూ వద్దు. పదో తరగతి మార్కులతోనే తీసుకుంటారు. ముందు ఆ నోటిఫికేషన్ కోసం కాచుకో.

ఏమంటివి, చిన్నోణ్ని కూడా తొమ్మిది నుంచే విజయవాడ ఫౌండేషన్లో వేయమన్నాడా? వద్దే వద్దు. ఈ మాట ఏ పీఆర్వో చెప్పడు గాని, నువ్వు గుర్తుపెట్టుకో. మన రాష్ట్రం కాలేజీల్లో 85 శాతం సీట్లు లోకల్ పిల్లలకే. రాయలసీమ, నెల్లూరు కలిపి ఎస్వీయూ పరిధి. విజయవాడ ఆంధ్రా యూనివర్సిటీ పరిధి. ఇంటరు ముగిసే దాకా వరసగా నాలుగేండ్లు యాడ చదివితే ఆడ లోకలు. అంటే తొమ్మిది నుంచి ఇంటరు దాకా ఆడనే ఉంటే, కర్నూల్లో పుట్టి పెరిగిన పిల్లోడు కర్నూలు మెడికల్ కాలేజీకీ కడప రిమ్స్‌కీ నాన్‌లోకల్ అయిపోతాడు. హైదరాబాదైతే రాష్ట్రమే మారిపాయె. పెద్దోనికి ఆ భయం లేదు. ఆరు నుంచి పది దాకా ఈడనే చదివినాడు, రెండేండ్లు విజయవాడలో చదివినా మన లోకలే. స్టడీ సర్టిఫికెట్లు మాత్రం జాగ్రత్తగా తీసిపెట్టు.

ఇంగో సంగతి. పదహారేండ్లు నిండని పిల్లల్ని చేర్చుకోకూడదని, ర్యాంకు గ్యారంటీ అని చెప్పకూడదని, మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి ఫీజు పది రోజుల్లో వాపసు ఇయ్యాలని 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ కోచింగ్ సెంటర్లకు మార్గదర్శకాలిచ్చింది. అవి కోచింగ్ సెంటర్లకు పెట్టినవి కాబట్టి, నీకిచ్చే రసీదు మీద కాలేజీ పేరుందా, కోచింగ్ సెంటరు పేరుందా చూసుకో.

వాడు ఇంట్లో ఉండే చదువుతానంటే ఉండనీ వదినా. ఊళ్లోనే కాలేజీ, పొద్దున ఇంత ఉగ్గాని తిని పోతాడు. జేఈఈ పాఠాలకు ఐఐటీ కాన్పూరు వాళ్లతో కలిసి కేంద్రం పెట్టిన సాథీ ఉంది, దానికి పైసా కట్టక్కర్లేదు. హాస్టలే అనుకుంటే, ముందు చెప్పకుండా మామూలు రోజు పోయి చూడండి. పిల్లలు ఎన్నింటికి పడుకుంటాండారు, జ్వరమొస్తే ఎవరు చూస్తారు అని సెకండియర్ పిల్లల్నే అడగండి. చేర్చినాక ఫోన్లో వాని మాట తగ్గిందనిపిస్తే ఆదివారం దాకా ఆగొద్దు, ఆ రాత్రికే బస్సెక్కండి. కట్టిన ఫీజు పోతే పోనీ. సెకండియరుకు కాలేజీ మార్చుకోవచ్చు.

రిజల్టు వచ్చినాక అన్నను తీసుకొని నువ్వూ రా, నలుగురం కలిసి కాలేజీకి పోదాం. ఒరిజినల్ సర్టిఫికెట్లకు జిరాక్సులు రెండు సెట్లు తీయించి బీరువాలో పెట్టు. రసీదు చేతికి రానిదే మార్కుల మెమో ఇయ్యొద్దని అన్నకు ఇప్పుడే చెప్పు.