గడప

మా అబ్బాయి ఇంజనీరింగు చదువుతున్నాడు. తెలుగు పాఠాలు చెప్పుకు బతికే నాకు వాడి చదువు అట్టే అర్థం కాదు. పోయిన వేసవిలో మాత్రం కాస్త అర్థమైంది.

వూళ్ళో మా పాత ఇల్లు రెండేళ్ళ క్రితం పడగొట్టించాను. (పడగొట్టించింది నేనే. ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తరు.) అంతకు ముందే మావాడు సెల్‌ఫోనుతో మూలమూలా వందల ఫోటోలు తీసి, వాటిని కలిపి కంప్యూటరులో ఇల్లు మళ్ళీ కట్టాడు. కళ్ళకు గంతల్లాంటి హెడ్‌సెట్ తగిలించుకుంటే ఆ ఇంట్లో నిలబడ్డట్టే వుంటుంది. వర్చువల్ రియాలిటీ అంటారు దాన్ని.

అమ్మకు తగిలించి, చేతుల్లో రెండు కంట్రోలర్లు పెట్టాడు. వసారా స్తంభం కనపడగానే అమ్మ ఆత్రంగా చెయ్యి చాపింది. చెయ్యి స్తంభంలోంచి అవతలికి పోయింది. కంట్రోలరు జుయ్యిమంది.

"పిడికిట్లో తుమ్మెదను పట్టుకున్నట్టుందిరా. ఇదేం ఇల్లు, వట్టి బొమ్మ!" అని తీసేసింది.

వాడి మొహం చిన్నబోయింది. అందులో వున్నది చిన్న మోటారు. వణకడం తప్ప దానికేమీ రాదు. గోడైనా స్తంభమైనా ఒకటే వణుకు. వేళ్ళను పట్టి ఆపే చేతితొడుగులు కూడా వున్నాయి గాని, అవి లెక్చరర్లు కొనే సరుకు కాదు లెండి.

"2001 ప్రాంతంలో అమెరికాలో నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో ఒక పరీక్ష చేశారు నాన్నా," అన్నాడు. హెడ్‌సెట్‌లో గది మధ్య లోతైన గొయ్యి కనిపిస్తుంది. దాని అంచు వుండవలసిన చోట నేలమీద నిజంగానే అంగుళంన్నర ఎత్తు చెక్క పెట్టారు. పాదానికి ఆ చెక్క అంచు తగిలినప్పుడు గుండె మరింత వేగంగా కొట్టుకుంది. కాలికి తెలిసింది అంగుళంన్నరే. మిగతా లోతు మనసే తవ్వుకుందన్నమాట!

చెక్క అనగానే నాకు మెట్లకింద పడివున్న టేకు గడప గుర్తొచ్చింది. కలపంతా అమ్మేసిననాడు అదొక్కటే అమ్మ అమ్మనివ్వలేదు. తెచ్చి, టేపుతో కొలిచి, కంప్యూటరు ఇంట్లో గడప వున్నచోటికి సరిగ్గా సరిపోయేట్టు నేలమీద పెట్టాం.

అమ్మను మళ్ళీ బతిమాలాం. ఈసారి చేతులు ఖాళీ. నాలుగడుగులు వేసింది. బొటనవేలు గడపకు తగిలింది. ఠక్కున ఆగిపోయింది; గడప తొక్కే మనిషి కాదు గదా! మెల్లగా కూర్చుని రెండు చేతులా తడిమింది. చిన్నప్పుడు నేను కొబ్బరికాయ కొట్టబోయి కత్తితో పెట్టిన గంటు ఒకటుంది. ఫోటోల్లో పడనే లేదది. అమ్మ వేలు అక్కడికి వెళ్ళి నిలిచింది.

చాలాసేపటికి, గంతలు విప్పకుండానే కోడల్ని పిలిచింది.

"శుక్రవారం పూటా గడప ఇల్లా వుంచారేమే? పసుపు గిన్నె ఏదీ?"

ఇవాళ శుక్రవారం కాదమ్మా అనబోయాను. మా ఆవిడ అప్పటికే గిన్నె తెచ్చి అమ్మ చేతికి అందించింది.