నన్నొక మాట అడగాల గదా!

నాయుడుపేటను చూసేవాళ్ళు ఎక్కువ, అక్కడ దిగేవాళ్ళు తక్కువ. చెన్నై-కోల్‌కతా 16వ నంబరు జాతీయ రహదారి మీద పోయేవాళ్ళకు అది శ్రీకాళహస్తికి తిరిగే మలుపు. రైల్లో పోయేవాళ్ళకు గూడూరు, సూళ్ళూరుపేటల మధ్య కాసేపు బండి ఆగే స్టేషను. చంద్రగిరి కొండల దగ్గర పుట్టి, కాళహస్తీశ్వరుడి గుడి పక్కగా వచ్చే స్వర్ణముఖి ఈ ఊరిని ఆనుకుని సముద్రం వైపు పోతుంది. ఏడాదిలో చాలా నెలలు అందులో కనిపించేది ఇసకే. ఈశాన్య రుతుపవనం గట్టిగా పట్టిందంటే మాత్రం, 2021 నవంబరులో లాగా, ఏరు తన సంగతేమిటో చూపిస్తుంది. 2022 ఏప్రిల్లో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు ఊరు నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలోకి మారింది. మాట మాత్రం మారలేదు. బజారులో ఇప్పటికీ ‘ఎట్టుండావు బా’ అనే పలకరింపే.

నేను అక్కడ దిగింది హాస్టల్లో నాతో చదువుకున్న మిత్రుడి కోసం. బడిపంతులుగా రిటైరై అక్కడే స్థిరపడ్డాడు. సాయంత్రమయ్యేసరికి టీ అంగడి ముందు ఆయన జట్టు చేరుతుంది. ఆయన, ఒక పాత కాంపౌండరు, ఒక ఎల్ఐసీ ఏజెంటు, జవుళి కొట్టు పెద్దాయన. పేర్లు రాయొద్దన్నారు, రాయడం లేదు. ఒకరి ఇంట్లో ఏం వండారో, ఎవరి మనవడికి జ్వరమొచ్చిందో, ఎవరి బావమరిది అప్పు తీర్చలేదో అన్నీ మిగతావాళ్ళకు తెలుసు. తెలియడంతో ఆగరు. కల్పించుకుంటారు. పట్నంలో పక్క ఫ్లాటు మనిషి పేరు తెలియకుండా ఏళ్ళు గడిపిన నాకు ఆ కల్పించుకోవడం మొదట ప్రాణానికి హాయిగా అనిపించింది.

దాని బలమేమిటో తెలియాలంటే ఈ ఊరు ఉన్న చోటు చూడాలి. ఉత్తరాన నెల్లూరు 70 కిలోమీటర్ల లోపు. పడమర తిరుపతి 60 పైచిలుకు. దక్షిణాన చెన్నై సుమారు 110. పెద్ద జబ్బు చేసిందంటే మూడు దిక్కులు. నెల్లూరులో తెలిసిన డాక్టరున్నాడని ఒకరు, తిరుపతిలో స్విమ్స్, రుయా ఆసుపత్రులు ఉండగా ఇంకెక్కడికని ఒకరు. పాతతరం వాళ్ళకైతే మద్రాసు సెంట్రల్ స్టేషన్ ఎదురుగా ఉన్న పెద్దాసుపత్రి మీదే గురి. కొన్నేళ్ళ కిందట ఒక అర్ధరాత్రి జవుళి కొట్టాయనకు గుండెనొప్పి వచ్చింది. కబురు అందిన కాసేపటికే వాకిట్లో మూడు బండ్లు నిలిచాయి. మూడూ మూడు ఊళ్ళకు పోవడానికి సిద్ధం. గుండె రక్తనాళం మూసుకుపోయినప్పుడు గడిచే ప్రతి నిమిషం కండరాన్ని తింటుంది. వాదన మాత్రం ఆగలేదట. చివరికి ఆయన భార్య గట్టిగా అన్నది, ‘తిరపతికి పోదాం, ఎక్కండి’ అని. ఆయన బతికాడు.

ఆ రాత్రి తరవాత ఈ మిత్రులు చేసుకున్న ఒప్పందం నాకు ఎంతో నచ్చింది. ఎవరికి ఏమైనా ముందు 108కి ఫోను. 2005 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆ అంబులెన్సు ఉండగా సొంత బండి కోసం వెతుక్కోవద్దు. ఈసీజీ దగ్గర్లోనే తీయించాలి. ఏ ఊరికి పోవాలో ఇంట్లోవాళ్ళు చెప్తారు, మిగతావాళ్ళు నోరు మూసుకుని వెంట నడుస్తారు. ఆరోగ్యశ్రీ కార్డు, మందుల చీటీలు ఎక్కడున్నాయో ప్రతి ఇంట్లో ఒకరికి తెలిసుండాలి. ఇంత తెలివైన ఏర్పాటు నేను పట్నంలో ఎక్కడా చూడలేదు.

తరవాతి కథ అంత సులువైంది కాదు.

జవుళి కొట్టు పెద్దాయన భార్య పోయింది. అప్పుడు వంతులేసుకుని కారియర్లు పంపింది ఈ ఇళ్ళే. ఒక ఇంటి నుంచి పప్పు, చింతకాయ పచ్చడి, ఇంకో ఇంటి నుంచి చేపల పులుసు. కొన్నాళ్ళకు కాంపౌండరుకు అనుమానం వచ్చింది. బీపీ మాత్రల అట్ట అలాగే ఉంటోంది, కారియరు సగం మిగిలి వస్తోంది, కొట్టు తెరవడం ఆలస్యమవుతోంది. ముగ్గురూ కూర్చుని మాట్లాడుకున్నారు. ఆయనతో చెప్పకుండా బెంగళూరులో ఉన్న కొడుక్కు ఫోను చేసి, ‘నువ్వొచ్చి మీ నాయన్ను తీసకపో, ఇక్కడుంటే మనిషి దక్కడు’ అన్నారు. కొడుకు భయపడి వచ్చి తీసుకెళ్ళాడు. కొట్టుకు తాళం పడింది.

బెంగళూరులో కొడుకు, కోడలు బాగానే చూసుకున్నారట. కానీ పొద్దున తెరవడానికి కొట్టు లేదు, పేరు పెట్టి పిలిచే మనిషి లేడు. సంక్రాంతికి నాయుడుపేట వచ్చినాయన తిరిగి పోలేదు. టీ అంగడి దగ్గరికి వచ్చి మిత్రులతో అన్న మాట ఇది. ‘మీరు నా మేలు కోరే జేసినారు బా. కాదన్ను. నన్నొక మాట అడగాల గదా! నేనింకా బతికే ఉండాను గదా!’

ఈ మాట నాకు చెప్తున్నప్పుడు మా పంతులు గొంతు వణికింది. అప్పుడు మేం నేలపట్టు చెరువుగట్టు మీద ఉన్నాం. నాయుడుపేట నుంచి దొరవారిసత్రం పోయే దారిలో, 1976లో పక్షుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించిన చోటు అది. నీళ్ళలో నిలబడ్డ కడప చెట్ల నిండా గూడబాతులు, నత్తగుల్ల కొంగలు. పక్షుల రెట్ట కలిసిన చెరువునీళ్ళు పొలాలకు ఎరువని అక్కడి రైతులు ఆ పక్షులను కాపాడుకుంటూ వచ్చారు. అంత అందమైన చోట కూడా ఆయన కళ్ళు చెట్ల మీద లేవు. ‘మేం భయపడినాం రా. ఇంకో స్నేహితుణ్ణి పోగొట్టుకోలేక చేసినాం’ అన్నాడు.

ఆ భయాన్ని నేను తప్పుపట్టలేను. మాత్రలు మింగడం లేదని కొడుకుతో చెప్పడం కూడా తప్పు కాదు, వాడికి తెలియాలి. నా అభ్యంతరం ‘మీ నాయనకు ఇట్లా ఉంది’ అని ఆగకుండా ‘తీసకపో’ అన్న దాని మీద. తండ్రీకొడుకుల మధ్య తేలవలసిన సంగతిని ముగ్గురు బయటివాళ్ళు తేల్చేశారు. దుఃఖంలో ఉన్న మనిషికి ఆకలి తగ్గుతుంది, నిద్ర పట్టదు. అంతమాత్రాన తన బతుకు మీద తనకున్న హక్కు పోదు.

దూరదేశంలో ఇలా తోటి మనిషి బాధ పట్టించుకునే పనినే ఒక పద్ధతిలో పెట్టినవాళ్ళున్నారు. జింబాబ్వే రాజధాని హరారేలో డిక్సన్ చిబాండా అనే మానసిక వైద్యుడు 2006లో, నాయనమ్మల వయసున్న 14 మంది ఆరోగ్య కార్యకర్తలతో ‘ఫ్రెండ్‌షిప్ బెంచ్’ మొదలుపెట్టారు. క్లినిక్ ఆవరణలో ఒక చెక్క బల్ల. బాధలో ఉన్న మనిషి వచ్చి ఆ పెద్దావిడ పక్కన కూర్చుంటాడు. ఆమె ముందు వింటుంది. ఉన్న ఇబ్బందుల్లో మొదట దేన్ని పట్టుకోవాలో, దానికేం చేయాలో అతనే ఎంచుకుంటాడు. ఈ పద్ధతితో కుంగుబాటు లక్షణాలు బాగా తగ్గాయని 2016లో అమెరికా వైద్యసంఘం పత్రిక ‘జామా’లో ప్రచురించిన అధ్యయనం తేల్చింది. నాయుడుపేట టీ అంగడి బల్లకు కావలసినవన్నీ ఉన్నాయి. ఆ ‘ముందు వినడం’ ఒక్కటే లోపించింది.

ఇప్పుడది కూడా వచ్చింది. పెద్దాయన కొట్టు మళ్ళీ తెరిచారు. మధ్యాహ్నం భోజనం ఒకావిడ దగ్గర నెలకింతని డబ్బిచ్చి తెప్పించుకుంటున్నారు, ఊరికే తినడం ఆయనకు ఇష్టం లేదు. చేపల పులుసు వచ్చే ఇంటి కారియరు ఒక్కటి ఉంచమన్నారు. ఇంటి తాళంచెవి రెండోది ఆయనే తీసుకెళ్ళి కాంపౌండరు చేతిలో పెట్టారు. రోజూ రాత్రి కొడుకుతో ఆయనే మాట్లాడతారు. నేనున్నప్పుడు ఎల్ఐసీ ఏజెంటు కంటి ఆపరేషను సంగతి ఎత్తి, వెంటనే ఆగి, ‘ఎప్పుడు పోదామో నువ్వే జెప్పు బా’ అన్నాడు. ‘పండగ పోనీ’ అన్నారాయన. ఎవరూ బలవంతం చేయలేదు.

బెంగళూరులోనో హైదరాబాదులోనో అమెరికాలోనో ఉండి, ఊళ్ళో ఒంటరిగా ఉన్న అమ్మ కోసమో నాన్న కోసమో ఆదుర్దా పడేవాళ్ళు మీలో చాలామంది ఉంటారు. అమ్మానాన్నల స్నేహితుల ఫోను నంబర్లు ఈరోజే రాసిపెట్టుకోండి, పండగకు వెళ్ళినప్పుడు ఆ నలుగురి ఇళ్ళకూ వెళ్ళి పలకరించండి. వాళ్ళలో ఎవరైనా ఫోను చేసి వచ్చి తీసుకెళ్ళమంటే, టికెట్టు కొనే ముందు అమ్మకో నాన్నకో ఫోను చేసి, మీకేం కావాలని అడగండి.