ఆకురాయీ, అమరమూ



పనిముట్ల పేర్ల ప్రస్తావన వచ్చినప్పుడల్లా నాకు ముందుగా స్ఫురించేది ఆకురాయి. ఇనుమును అరగదీయడానికి వాడే, ఒంటినిండా సన్నని పళ్ళున్న ఉక్కు బద్ద అది. పేరులో రాయి ఉన్నదే కాని వస్తువులో లేదు. అమరకోశం ద్వితీయకాండలోని శూద్రవర్గంలో కంసాలి వాడే ఇటువంటి పనిముట్టుకు ‘పత్రపరశువు’ అన్న పేరున్నది. పత్రమంటే ఆకే కదా! ఈ రెండు మాటలనూ నేను ఒకే అద్దెగదిలో, ఒకే కాలంలో నేర్చుకున్నాను. ఒకటి పుస్తకం నుండి, మరొకటి మా తమ్ముడి నోటి నుండి.

1979లో నేను ప్రాచ్యకళాశాలలో భాషాప్రవీణ చదువుతున్నాను. తమ్ముడు పదవ తరగతి ముగించి, అదే పట్నంలో ఐ.టి.ఐ.లో ఫిట్టరు శిక్షణకు చేరాడు. రెండేళ్ళ చదువు. “పెద్దవాడు పండితుడవుతాడు, చిన్నవాడు పనిలో పడతాడు” అని మా నాయనగారు బంధువులతో అనేవారు. మొదటి సగం చెప్పేటప్పుడు ఉండే గొంతు రెండవ సగానికి వచ్చేసరికి ఉండేది కాదు. తమ్ముడు అది గమనించేవాడు. ఏమీ అనేవాడు కాదు.

చేరిన కొత్తలో వాడికి అరచేతిలో పట్టేంత ఇనుప దిమ్మ ఒకటి ఇచ్చి, దాని ముఖాన్ని చదును చేయమన్నారు. అంతే పని. వారం గడిచినా అదే దిమ్మ, అదే ఆకురాయి. చేతులు బొబ్బలెక్కి అన్నం కలుపుకోలేక చెంచాతో తినేవాడు.

“ఇంత చిన్న దిమ్మకు ఇన్నాళ్ళా?” అని అడిగాను.

“చదునుగా రావడం లేదన్నయ్యా. నడుమ ఉబ్బుతున్నది, అంచులు జారిపోతున్నాయి” అన్నాడు.

కారణం కూడా వాడే నేలమీద కూర్చుని, నా రూళ్ళకర్రతో చూపించాడు. ఆకురాయి కొనను ఎడమచేయి, పిడిని కుడిచేయి పట్టుకుంటాయి. తోపు మొదలైనప్పుడు బరువు ఎడమచేతి మీద ఎక్కువగా ఉండాలి. ఆకురాయి ముందుకు సాగేకొద్దీ ఆ బరువు క్రమంగా కుడిచేతికి మారాలి. ఈ మార్పు సరిగా కుదరకపోతే ఆకురాయి తక్కెడ కాడలా ఊగి అంచులను తినేస్తుంది. పళ్ళు ముందుకు వంగి ఉంటాయి కనుక కోత తోసేటప్పుడే. వెనక్కు లాగేటప్పుడు ఒత్తిడి ఉండరాదు. ఇవన్నీ తలకు తెలిసినంత మాత్రాన చాలదు, చేతికి తెలియాలి.

వాళ్ళ మాస్టారు ఎక్కువ మాట్లాడేవారు కాదట. దిమ్మ తీసుకువెళితే మూలమట్టాన్ని దానిమీద ఆనించి, కిటికీ వైపు ఎత్తి చూసేవారు. రెంటి నడుమ సన్నని వెలుతురు గీత కనిపిస్తే చాలు, తిరిగి చేతిలో పెట్టేవారు. తిట్టు లేదు, మెప్పూ లేదు. మరికొన్నాళ్ళకు నీలిరంగు పరీక్ష వచ్చింది. చదునైన బల్లపరుపు పలకకు ప్రష్యన్ బ్లూ పలుచగా పూసి, దానిమీద దిమ్మను రుద్దితే ఎత్తుగా ఉన్న చోట్లకే రంగు అంటుకుంటుంది. ఆ చోట్లను మాత్రమే అరగదీసి మళ్ళీ రుద్దాలి. రంగు ముఖమంతా సమంగా పరుచుకునే దాకా ఇదే పని.

ఆ రోజుల్లో నేను అమరాన్ని వల్లెవేస్తుండేవాడిని. తప్పు పలికితే గురువుగారు ఆ చోటునే మళ్ళీ చెప్పించేవారు. గదిలో ఒక మూల నా వల్లెవేత, మరొక మూల వాడు గాలిలో చేతులాడిస్తూ చేసే సాధన. రెండూ ఒకే జాతి విద్యలన్న సంగతి నాకు అక్కడే బోధపడింది. ఒక్కటే భేదం. నా తప్పును పట్టడానికి గురువుగారు కావాలి. వాడి తప్పును వెలుతురే పట్టిస్తుంది.

ఐ.టి.ఐ. ముగిశాక, 1961 నాటి అప్రెంటిసుల చట్టం ప్రకారం విశాఖపట్నంలో ఒక కర్మాగారంలో ఏడాది శిక్షణ దొరికింది. అక్కడే ఉద్యోగం వస్తుందని ఇంటిల్లిపాదీ ఆశపడ్డాం. శిక్షణ పొందినవాడికి ఉద్యోగం ఇచ్చి తీరాలని ఆ చట్టంలో లేదు. 1982లో వాడు ధ్రువపత్రం పట్టుకుని ఇంటికి వచ్చాడు.

“మూడేళ్ళు ఇనుము అరగదీశావు. మిగిలిందేమిట్రా?” అన్నారు నాయనగారు. వాడు ఆ పూట అన్నం తినలేదు.

నెల తిరగకుండా విజయవాడ ఆటోనగర్‌కు వెళ్ళాడు. అక్కడ ఒక చిన్న షెడ్డు యజమాని వాడి పత్రం చూడనే లేదట. ఒక ఇరుసు, దానికి ఎక్కే కప్పీ ఇచ్చి, రెండూ కలిసి తిరగడానికి వాటి నడుమ గాడిలో బిగించే ఇనుప ముక్కను చేత్తో చేయమన్నాడు. ఆ ముక్కను ‘కీ’ అంటారు. వదులైతే కొద్ది రోజుల్లోనే గాడిని తినేస్తుంది. బిగువు మితిమీరితే ఎక్కదు, బలవంతాన ఎక్కిస్తే కప్పీ పగలవచ్చు. తమ్ముడు పూటంతా నిలబడి చేశాడు. యజమాని సుత్తితో సున్నితంగా తట్టి ఎక్కించి, చేత్తో అటూ ఇటూ కదిపి చూసి, “రేపు ఎనిమిదింటికి రా” అన్నాడు. ఆ ముక్కలో మూడేళ్ళూ ఉన్నాయని వాడు నాకు కార్డు రాశాడు. నాయనగారికి చదివి వినిపించాను. ఆయన కార్డు తీసుకుని మరొకసారి తామే చదువుకున్నారు.

ఇప్పుడు కంప్యూటరు ఆజ్ఞలతో కోసే యంత్రాలు వచ్చాయి. అయినా ఫిట్టరు శిక్షణలో ఆకురాయి పట్టించడం మానలేదు. ఎందుకని తమ్ముణ్ణి అడిగాను. “మైక్రోమీటరు మిల్లీమీటరులో నూరో వంతు చూపిస్తుంది. చేత్తో అరగదీసినవాడికి అది అంకె కాదన్నయ్యా, స్పర్శ” అన్నాడు.

బడులలో ఇప్పటికీ “చదువు రాకపోతే ఐ.టి.ఐ.కి పోతావు” అని పిల్లలను బెదిరించే మాట వినిపిస్తూనే ఉంటుంది. మార్కుల తరగతిలో తప్పు కప్పిపుచ్చుకోవడానికి మార్గాలెన్నో ఉన్నాయి. వెలుతురుకెత్తి చూసే మూలమట్టం దగ్గర ఒక్కటీ లేదు. అటువంటి చోటికి పిల్లవాణ్ణి శిక్షగా పంపుతామనడం ఏమి న్యాయం?

మూలమట్టం, రసమట్టం, బరమా, పట్టుకారు, దాగలి వంటి మాటలు మన పనివాళ్ళు కాపాడినవి. లేతుకు నిఘంటువులో ‘తరిమెన’ అనే చక్కని మాట ఉన్నది. మీ ఊరి షెడ్లలో, కొలుములలో ఇటువంటి పేర్లు ఇంకా వినబడుతుంటే వ్యాఖ్యలలో తెలియజేయండి. తమ్ముడికి చదివి వినిపిస్తాను.