కిక్కురుమనని పిల్ల

మా పాప పుట్టిన నాలుగో రోజుకే వీధిలో మంచి పేరు తెచ్చేసుకుంది. చూడ్డానికి వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట. "ఎంత బుద్ధిమంతురాలో! కిక్కురుమనడం లేదు." పక్కింటి పిన్నిగారైతే "మా మనవడు ఇల్లు పీకి పందిరేశాడమ్మా, నువ్వు అదృష్టవంతురాలివి" అని నా నెత్తిన చెయ్యి వేసి మరీ చెప్పింది. నేను మురిసిపోయాను. నిజం చెప్పొద్దూ, కాస్త గర్వం కూడా వచ్చింది. పుట్టీ పుట్టగానే తల్లి కష్టం తెలిసిన పిల్ల అనుకున్నాను.

పురిటికి తణుకులో మా పుట్టింటికి వచ్చాను. ముప్పై ఏడో వారం రాగానే నొప్పులు మొదలయ్యాయి. మామూలు కాన్పే. పాప 2 కిలోల 400 గ్రాములు. "కొంచెం ముందొచ్చింది కదా, రెండు మూడు గంటలకోసారి పాలివ్వండి" అని ఆస్పత్రిలో చెప్పారు. చీటీ మీద రాశారు కూడా. ఆ మాట నేను అర్థం చేసుకున్న తీరు వేరు. రెండు మూడు గంటలకోసారి పిల్ల ఏడుస్తుంది, అప్పుడు ఇవ్వాలి అనుకున్నాను. ఏడవని పిల్లని లేపి మరీ ఇవ్వాలని నాకు తట్టనే లేదు.

మూడో రోజు ఇంటికొచ్చేశాం. ఆ రాత్రి పదింటికి పాలు తాగి పడుకున్న పాప తెల్లవారుజామున నాలుగున్నరకి గానీ కదల్లేదు. మధ్యలో నాకే మెలకువ వచ్చి, జాకెట్టు తడిసిపోయి ఉంటే, లేపనా అని అమ్మనడిగాను. "నిద్రపోయే బిడ్డని లేపకూడదే. ఆకలేస్తే అదే లేస్తుంది. నువ్వు పడుకో, పచ్చి బాలింతవి" అంది అమ్మ. పడుకున్నాను. అంతకంటే మంచి మాట ఆ సమయంలో ఎవరు చెప్తారు?

ఐదో రోజు పొద్దున మా వీధి ఆశా వర్కర్ వచ్చింది. మూడో రోజు వచ్చినప్పుడు మేమింకా ఆస్పత్రిలోనే ఉన్నాం. మళ్లీ ఏడో రోజుకి రావాలట. ఎదురింట్లో పనుండి వచ్చి, ఎలాగూ వచ్చాను కదా అని మా గడప ఎక్కింది. ఆ ఎదురింటివాళ్లకి ఇప్పటికీ మనసులో దణ్ణం పెట్టుకుంటాను.

ఆవిడ పాపని చూసి ముద్దు చెయ్యలేదు. "చివరిసారి పాలెప్పుడిచ్చారు?" అంది. నేను లెక్కపెట్టుకున్నాను. ఐదు గంటలు. "నిన్నట్నుంచి ఎన్నిసార్లు ఒంటేలు పోసింది?" అమ్మ ఆలోచించి "రెండు గుడ్డలు తడిపింది" అంది. ఆ గుడ్డలు చూపించమంటే, తడిసినచోట ఇటుకపొడి రాసినట్టు ఎర్రటి మరక. విరేచనం ఇంకా నల్లగానే ఉంది. పాపని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి నుదుటి మీద, తర్వాత పొట్ట మీద వేలితో నొక్కి వదిలింది. నొక్కినచోట పసుపు. గుడ్డ ఉయ్యాల లాంటి దానిలో వేసి త్రాసుకి తగిలించింది. ముల్లు 2 కిలోల 100 దగ్గర ఆగింది.

"పుట్టాక మొదటి రోజుల్లో పిల్లలు కొంచెం తగ్గుతారండి. వందకి పది దాటితే మాత్రం చూపించాలి. మీరు పన్నెండు దాటేశారు. ఇప్పుడే వెళ్లండి" అంది. ఆటో ఆవిడే పిలిచింది.

బిలిరుబిన్ 19. పిల్లని నీలం లైటు కింద పెట్టారు. కళ్లకి గంతలు కట్టి, ఒంటి మీద డైపర్ తప్ప ఏమీ లేకుండా, అరచెయ్యంత పిల్ల అలా పడుకుని ఉంటే అద్దంలోంచి చూస్తూ నిలబడ్డాను. అప్పుడు కూడా అది ఏడవలేదు.

డాక్టరుగారు తిట్టలేదు. కాగితం మీద గుండ్రంగా ఒక చక్రం గీసి చూపించారు. పాలు తాగకపోతే విరేచనం సరిగ్గా అవదు. ఒంట్లోని పసుపు బయటికి పోయేది విరేచనంలోనే. అవకపోతే ఆ పసుపు పేగుల్లోంచి మళ్లీ రక్తంలోకి చేరుతుంది. అది పెరిగేకొద్దీ పిల్లకి మత్తు. మత్తులో ఉన్న పిల్ల పాలు అడగదు. అటు పిల్ల తాగకపోతే ఇటు తల్లికి పాలు పడటమూ తగ్గుతుంది. చక్రం మీద పెన్ను అలా తిప్పుతూనే ఉన్నారాయన. నాలుగు రోజులుగా మేమంతా బుద్ధి అనుకున్నది ఆ మత్తునే.

నాకు పాఠం చెప్పింది మాత్రం రాత్రి డ్యూటీ సిస్టర్. యాభై ఏళ్లుంటాయేమో, నడుస్తుంటే చెప్పుల చప్పుడు కూడా వినిపించదు. రెండింటికి వచ్చి నన్ను లేపింది. "రోజుకి ఎనిమిదిసార్లకి తక్కువ కాకూడదు, పన్నెండైనా పర్వాలేదు. పిల్ల పుట్టినప్పటి బరువుకి వచ్చేదాకా మూడు గంటలు దాటనివ్వకు. కింది పాలు మొదలుపెట్టిన టైము నుంచి లెక్క, తాగడం అయిపోయిన టైము నుంచి కాదు" అంది. ఈ ఒక్క తేడా తెలియక లెక్కలు తప్పే తల్లులు చాలామంది అట.

పాపని ఒళ్లో పడుకోబెట్టుకుని చుట్టిన గుడ్డ విప్పేసింది. అమ్మ ఉండబట్టలేక "చలేస్తుందేమోనమ్మా" అంది. "వెచ్చగా ఉంటే ఎవరు లేస్తారండీ? మీరు లేస్తారా దుప్పట్లోంచి?" అంది సిస్టర్. డైపర్ మార్చింది. అరికాళ్లు బొటనవేలితో రుద్దింది. వెన్నుపూస పక్కన కింద నుంచి పైకి రెండు వేళ్లు నడిపింది. పాప మొహం చిట్లించింది, మళ్లీ నిద్ర. గడ్డం కింద, మెడ వెనక చెయ్యి ఆనించి కూర్చోబెట్టింది. అప్పుడు ఒక కన్ను తెరిచింది మహాతల్లి. వెంటనే నా గుండెకి ఒళ్లు తగిలేలా ఆనించి, రెండు చుక్కల పాలు పిండి పెదాలకి రాయించింది. నోరు తెరిచింది.

నాలుగు గుక్కలు. మళ్లీ నిద్ర.

"ఇదే అసలు మోసం. నోట్లో రొమ్ము ఉంటే తాగుతోందనుకుంటారు. గుటక వినపడాలి" అని, గుటక ఆగినప్పుడల్లా రొమ్ముని మెల్లగా ఒత్తమంది. అప్పటికీ తాగకపోతే తీసి, భుజాన వేసుకుని తేన్పించి, రెండో పక్కకి మార్చమంది. చెంపలు గిల్లడం, మొహాన నీళ్లు చల్లడం వద్దు. తడి గుడ్డతో తుడిస్తే చాలు. మా అత్తగారు ఫోన్లో గ్లూకోజు నీళ్లు పట్టమన్నారంటే, చిన్నగా నవ్వి, "ఆ పొట్టలో పట్టేదే కొంచెం, అది నీళ్లతో నింపేస్తే పాలెక్కడ పోస్తావు?" అంది. చివర్లో ఒక మాట గట్టిగా చెప్పింది. ఇవన్నీ చేసినా కళ్లు తెరవకపోయినా, ఒళ్లు వేలాడేసినా, నోట్లో పెట్టినా చప్పరించకపోయినా ఇంట్లో ప్రయత్నాలు చెయ్యొద్దు, ఏ వేళైనా సరే తీసుకొచ్చెయ్యమని.

లేపడానికీ ఒక అదను ఉంటుందట. రెప్పల కింద కనుగుడ్లు కదులుతున్నా, పెదాలు చప్పరిస్తున్నా, చెయ్యి నోటి దగ్గరికి పోతున్నా అది తేలిక నిద్ర. అప్పుడు ముట్టుకుంటే లేస్తారు. "ఏడుపు పిల్లల ఆఖరి మాటమ్మా. ఇలాంటి పిల్లలకి ఆ ఓపిక కూడా ఉండదు" అంది.

రొమ్ము దగ్గర అలిసిపోతే మిగతావి పిండి గిన్నెతో పట్టమన్నారు. అప్పుడు అమ్మ బీరువాలోంచి నా ఉగ్గుగిన్నె తెప్పించింది. ముప్పై ఏళ్లుగా పట్టుచీరల మధ్య ఉన్న వెండి గిన్నె. మరిగే నీళ్లలో వేసి తీసి, పాపని కొంచెం లేపి పట్టుకుని, నోటి మూల నుంచి చుక్క చుక్కగా, ఒక్క చుక్క పక్కకి పోకుండా పోసింది. సిస్టర్ చూసి "మీరు మాకే నేర్పేలా ఉన్నారు" అంది. అప్పటిదాకా తప్పు చేసినదానిలా ముడుచుకుని కూర్చున్న అమ్మ మొహం కొంచెం తేటపడింది.

రెండు రోజులకి పసుపు దిగింది. ఇంటికి పంపేటప్పటికి బరువు 2 కిలోల 150. అసలు కష్టం అక్కడి నుంచే.

ఫోన్లో రెండున్నర గంటలకోసారి అలారం. పాప తప్ప ఇంట్లో అందరూ లేచేవాళ్లు. మా ఆయనకి హైదరాబాద్‌లో నైట్ షిఫ్టు. టీ బ్రేక్‌లో ఫోన్ చేసి "లేపావా?" అనేవాడు. "ముందు నన్ను లేపు" అనేదాన్ని. అమ్మ లెక్క కోసం గోడ మీది తెలుగు క్యాలెండర్ వాడింది. అందులో పాలవాడి లెక్క గీతలు గీస్తుందామె. అదే గడిలో కింద పాప గీతలు మొదలయ్యాయి. పాలివ్వగానే ఒక నిలువు గీత, ఒంటేలు పోస్తే ఒక చుక్క. రోజుకి ఆరు చుక్కలు దాటిన రోజు అమ్మ నాన్నని పిలిచి మరీ చూపించింది.

నీళ్లు పోసే మామ్మ కూడా రావడం మొదలుపెట్టింది. బొడ్డు ఊడేదాకా ఒళ్లు తుడవడమే అన్నాం, ఒప్పుకుంది. సాంబ్రాణి పొగ వద్దన్నాం. దానికి మాత్రం మూడు రోజులు అలిగింది.

పదో రోజు రాత్రి నా వల్ల కాలేదు. మూడైంది. గుడ్డ విప్పాను, అరికాళ్లు రుద్దాను, పక్క మార్చాను. తాగదు, లేవదు. నడుం విరిగిపోతోంది. "ఒక్కసారికి ఏమవుతుంది, వదిలెయ్" అని ఏడుస్తూ పక్క మీద వాలిపోయాను. అమ్మ ఏమీ అనలేదు. పాపని తీసుకుని, లైటు వేసి, ఒళ్లో కూర్చోబెట్టుకుని, వీపు నిమురుతూ ఏదో మాట్లాడటం మొదలుపెట్టింది. కాసేపటికి కళ్లు తెరిచిన పిల్లని నా పక్కన పెట్టింది.

అది తాగుతుండగా, చీకట్లోకి చూస్తూ అంది. "నువ్వూ ఇంతేనే. నెల దాటినా బరువు లేవు. మా అత్తగారు దిష్టి అనేవారు. ఎర్రనీళ్లు తియ్యడమే గానీ, లేపి పాలివ్వనిచ్చేవారు కాదు. నిద్రపోయే బిడ్డని లేపకూడదు అని ఒకటే మాట. ఇల్లంతా పడుకున్నాక దొంగతనంగా లేపి ఇచ్చేదాన్ని. గాజులు చప్పుడవుతాయని మోచేతి పైకి తోసుకుని."

నాకు నిద్ర ఎగిరిపోయింది. "మరి నన్నెందుకు వద్దన్నావే అమ్మా?"

చాలాసేపు మాట్లాడలేదు. "ఏమోనే. నేను అమ్మమ్మనయ్యాను కదా, ఆ మాటే నోటికొచ్చింది" అంది.

నా చిన్నప్పుడంతా నాకూ ఆ బిరుదే ఉండేది. ఏదీ అడగదు, బుద్ధిమంతురాలు. ఆ రాత్రి ఆ మాట గుర్తొచ్చి, పాలు తాగుతున్న పిల్ల మొహం మీదికి వంగి, గట్టిగా ఏడవడం నేర్చుకోవే తల్లీ అన్నాను. అమ్మ నవ్విందో, కళ్లు తుడుచుకుందో సరిగ్గా కనబడలేదు.

పదహారో రోజు త్రాసు 2 కిలోల 460 చూపించింది. డాక్టరుగారు చార్టు మీద చుక్క పెట్టి, "బరువు బాగా పెరుగుతోంది. ఇక రాత్రిళ్లు అలారం అక్కర్లేదు, తనే లేస్తుంది. పగలు మాత్రం లెక్క తప్పనివ్వకండి" అన్నారు.

ఆ రాత్రి అలారం పెట్టలేదు. హాయిగా నిద్రపోవచ్చనుకున్నాను గానీ, పదకొండున్నర నుంచి కళ్లు తెరుచుకునే ఉన్నాను. ఒంటిగంట. రెండు. పక్క మంచం మీద అమ్మ అటూ ఇటూ దొర్లడం వినిపిస్తూనే ఉంది. ఇద్దరం ఒకరికొకరం నిద్రపోతున్నట్టు నటిస్తున్నాం. రెండూ నలభైకి ఉయ్యాలలోంచి ముందు చిన్న మూలుగు, ఆ తర్వాత ఇల్లు ఎగిరిపోయేలా ఏడుపు. నాన్న వసారాలోంచి కంగారుగా "ఏమైందే?" అని కేకేశారు.

"ఏమీ కాలేదు, పిల్లకి ఆకలేసింది!" అంది అమ్మ, అప్పటికే లేచి నిలబడి, గోడ దగ్గర పెన్సిలు కోసం తడుముకుంటూ.