శీనుకి, బ్రేకుల సంగతి

ట్రాయ్, మిషిగన్
అక్టోబర్ 12

ఒరే శీనూ,

అమ్మకి కంటి ఆపరేషన్ బాగా జరిగిందని చెల్లెమ్మ ఫోన్లో చెప్పింది. మనసు కుదుటపడింది. చుక్కల మందు మాత్రం వేళ తప్పకుండా వేయండి. ఇక్కడ ఆకులు రాలుతున్నాయి. ఇంకొన్నాళ్లు పోతే మంచు, దాని వెనకే రోడ్ల మీద ఉప్పు. ఆలోపు మన కోబ్రా కారుని గరాజ్ బయటికి తీసి నాలుగు వీధులు తిప్పాలని నా తాపత్రయం.

"షెల్బీ పెట్టని బ్రేక్ బూస్టర్ నువ్వెందుకురా పెట్టడం" అని మొన్న కోప్పడ్డావు. కాల్ మధ్యలో తెగిపోయింది, నా మాట చెప్పనే లేదు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. నీ వాదనలో బలం ఉంది, కాదనను. 1962లో కెరోల్ షెల్బీ ఏసీ ఏస్ బాడీలో ఫోర్డ్ వీ8 ఇంజిన్ కూర్చోబెట్టి కోబ్రా చేసినప్పుడు నాలుగు చక్రాలకీ డిస్కులు పెట్టాడు గానీ కాలికి సాయం పెట్టలేదు. బండి తేలిక, నడిపేవాడి కాలు గట్టిది, సరిపోయింది. వేర్‌హామ్ నుంచి లారీలో దిగిన మన ఫ్యాక్టరీ ఫైవ్ కిట్టు కూడా టన్నుకి కాస్త అటూ ఇటూ. బాగా పట్టే ప్యాడ్లు, కొంచెం చిన్న మాస్టర్ సిలిండర్ వేసుకుంటే నావరకు నాకు చాలు.

కానీ ఈ బండి పద్మ కూడా నడపాలి. తన కుడి మోకాలికి లిగమెంట్ ఆపరేషన్ అయిందని నీకు తెలుసు. మామూలు కారుతో ఇబ్బంది లేదు, రోజూ ఆఫీసుకి తనే నడుపుకుంటూ వెళ్తుంది. ఎండాకాలంలో ఒకరోజు కోబ్రాలో కూర్చోబెట్టి బ్రేక్ తొక్కమన్నాను. వీపు సీటుకి ఆనించి, పళ్లు బిగబట్టి తొక్కింది. తొక్కి, "గోడని తోస్తున్నట్టుంది, ఇది నావల్ల కాదు" అని దిగిపోయింది. ఇంట్లో ఒక్కడు మాత్రమే ఆపగలిగే బండిని రోడ్డెక్కించడం నాకు ఇష్టం లేదు. అసలు సంగతి అది.

సాయం కావాలనుకున్నాక, దాన్ని ఎక్కణ్ణించి తేవాలి? వాక్యూమ్ బూస్టర్ సంగతి ముందే ఆలోచించాను. లెక్క చూడు. 20 సెంటీమీటర్ల డయాఫ్రమ్‌కి వైశాల్యం 314 చదరపు సెంటీమీటర్లు. మామూలు ఇంజిన్ ఐడిల్‌లో 18 అంగుళాల వాక్యూమ్ ఇస్తే ఆ రేకు మీద 190 కిలోల పైన బలం పడుతుంది. మనం వేసిన కామ్‌షాఫ్ట్‌తో ఐడిల్‌లో 9 అంగుళాలకి మించి రావడం లేదు, అంటే సాయం సగానికి సగం తెగ్గోసినట్టే. స్పీడులో యాక్సిలరేటర్ వదిలితే వాక్యూమ్ బాగానే పెరుగుతుంది. చిక్కంతా సిగ్నల్ దగ్గర మెల్లగా జరిగేటప్పుడే. నీకెంతో ఇష్టమైన ఆ గడగడ చప్పుడు, ఈ వాక్యూమ్ కరువు, రెండూ ఆ ఒక్క కామ్ పుణ్యమే. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ కలిసి తెరుచుకుని ఉండే సమయం ఎక్కువ కావడమే కారణం. ఆ చప్పుడు వదులుకోమని నిన్ను అడగలేను, నేనూ వదులుకోలేను. హైడ్రాలిక్ బూస్టర్ వేద్దామంటే దానికి పవర్ స్టీరింగ్ పంపు కావాలి, మన స్టీరింగ్‌కి పంపే లేదు. పైగా ఆ వీ8 పక్కన, ఎగ్జాస్ట్ గొట్టాల సెగలో, పెద్ద డయాఫ్రమ్ డబ్బా పట్టే చోటేదీ?

ఇక మిగిలింది కరెంటు. బాష్ కంపెనీ 2013 నుంచి ఐబూస్టర్ అని ఒకటి తయారుచేస్తోంది. ఎలక్ట్రిక్ కార్లలో వాక్యూమ్ ఇచ్చే ఇంజినే ఉండదు కాబట్టి అక్కడ ఇది బాగా పనికొచ్చింది. నేను తెచ్చింది యాక్సిడెంటై యార్డుకి చేరిన టెస్లా మోడల్ 3 లోది. పెడల్ ఎంత కదిలిందో సెన్సర్ చూస్తుంది, మోటారు గేర్ల ద్వారా మాస్టర్ సిలిండర్ పిస్టన్‌ని తోస్తుంది. అసలు కారు కంప్యూటర్ తోడు లేకపోయినా, పవరూ ఇగ్నిషన్ వైరూ ఇస్తే సాదా పద్ధతిలో సాయం చేస్తుంది.

ఇది పాత బండికి అపచారం అంటావేమో. 1919లో హిస్పానో-సుయిజా హెచ్6 కారుకి మార్క్ బిర్కిట్ గేర్‌బాక్స్ నుంచి బలం తీసి బ్రేకులకి ఇచ్చాడు. దాన్ని రోల్స్‌రాయిస్ వాళ్లు లైసెన్సు తీసుకుని వాడుకున్నారు. 1920లు ముగిసేలోపే వాక్యూమ్ సర్వో వచ్చింది. కాలికి బండి నుంచే బలం అరువు తెచ్చుకోవడం షెల్బీకి ముందు తరం పనే.

నన్ను నిద్రపోనివ్వకుండా చేసింది ఇంకో ప్రశ్న. ఈ సాయం హఠాత్తుగా ఆగిపోతే? ఫ్యూజు ఎగిరిపోవచ్చు, బ్యాటరీ కేబుల్ ఊడిపోవచ్చు. ఐబూస్టర్‌లో పెడల్‌కీ పిస్టన్‌కీ ఉక్కు కడ్డీతో నేరు సంబంధం ఉంటుంది, కాబట్టి కరెంటు పోయినా బ్రేకు పూర్తిగా పోదు. కానీ కాలు ఒంటరిదవుతుంది. అమెరికాలో కార్ల కంపెనీలకి ఉన్న రూల్లో దీనికో పరీక్ష ఉంది. 100 కిలోమీటర్ల వేగం నుంచి మామూలుగా 70 మీటర్లలో ఆగాలి, బూస్టర్ చచ్చిపోయినప్పుడు 168 మీటర్లలో ఆగాలి. రెండింటిలోనూ కాలి బలం 500 న్యూటన్లు, అంటే సుమారు 50 కిలోలు దాటకూడదు. మనలాగా ఇంట్లో కట్టుకున్న బండిని ఈ పరీక్షకి ఎవరూ నిలబెట్టరు. నేనే నిలబెట్టుకుంటాను.

అందుకే పెడల్ దగ్గరే ఎక్కువ కాలం గడిపాను. బూస్టర్ లేని బండికి పెడల్ నిష్పత్తి 6 దాకా ఉంచుతారు, ఉన్నదానికి 4 చాలంటారు. 50 కిలోలు తొక్కితే 6లో కడ్డీ మీద 300 కిలోలు, 4లో 200. నాలుగుకి దిగితే పెడల్ పొట్టిగా కదిలి హాయిగా ఉంటుంది గానీ కరెంటు పోయిన రోజున ఆ తక్కువైన 100 కిలోలు పూడ్చడానికి పద్మ కాలు ఇంకో 25 కిలోలు తొక్కాలి. ఆరులోనే ఉంచితే పెడల్ చాలా దూరం దిగుతుంది, కొంచెం ముట్టుకున్నా బండి తల కొడుతుంది. మనకి ఏబీఎస్ లేదు, చక్రాలు బిగుసుకుపోతే విడిపించేది డ్రైవర్ కాలే. చివరికి 5 దగ్గర ఆగాను. ఇరుసు నుంచి పాదానికి 300 మిల్లీమీటర్లు, కడ్డీకి 60.

నువ్వు ఓపిగ్గా సర్దిన ఆ రెండు మాస్టర్ సిలిండర్లూ బ్యాలెన్స్ బారూ తీసేయక తప్పలేదు. నూనెగుడ్డలో చుట్టి అటక మీద భద్రంగా పెట్టాను. కొత్త సిలిండర్‌లోనూ రెండు విడివిడి గదులున్నాయి, ఒకటి కారితే రెండోది పనిచేస్తుంది. వెనక చక్రాలు ముందే బిగుసుకోకుండా ఆ లైనుకి ప్రపోర్షనింగ్ వాల్వు వేశాను. కడ్డీ బిగించాక పిన్నుని వేళ్లతో తిప్పి చూశాను, పెడల్ పూర్తిగా పైకి ఉన్నప్పుడు అది అడ్డం లేకుండా గిర్రున తిరగాలి. పిన్ను బిగుసుకుందంటే పెడల్ విశ్రాంతిలో లేదన్నమాట. అప్పుడు సెన్సర్‌కి ఎప్పుడూ ఎవరో తొక్కుతున్నట్టే తోస్తుంది, ప్యాడ్లు డిస్కుని వదలవు, వేడెక్కుతాయి.

వైరింగ్ సంగతి త్వరగా చెప్పేస్తాను. బ్యాటరీ డిక్కీలో ఉంది కదా, పోనూ రానూ 10 మీటర్ల రాగి. 40 ఆంపియర్లు లాగినప్పుడు 6 చదరపు మిల్లీమీటర్ల వైరులో వోల్టు పైనే పోతుంది. 16 వేస్తే అర వోల్టు లోపే. 16 వేశాను. ఫ్యూజు పోతే వెలిగేలా రిలేతో ఒక ఎర్ర దీపం డ్యాష్‌బోర్డు మీద, సరిగ్గా కంటి ముందు పెట్టాను.

మొన్న ఆదివారం బండిని స్టాండ్ల మీద నిలిపి, బ్రేకు లైన్లలోని ఎయిర్ తీశాక, పద్మని కూర్చోబెట్టాను. కీ తిప్పకుండా తొక్కమంటే మొహం బిగుసుకుంది. నేను ముందు చక్రం పట్టుకుని తిప్పబోయాను, కదల్లేదు. తర్వాత కీ తిప్పింది. సన్నగా మోటారు గుయ్యిమంది, పెడల్ పాదం కింద మెత్తగా దిగింది. "ఇదైతే నడుపుతాను" అంది.

ఇప్పుడు నీతో పని పడింది. బూస్టర్‌ని ప్రస్తుతానికి ఒక తాత్కాలిక ప్లేటుకి బిగించాను. కీ లేకుండా గట్టిగా తొక్కినప్పుడు డయల్ గేజ్ ముల్లు కదులుతోంది, ప్లేటు వంగుతోంది. కిట్టులో ఫుట్‌బాక్స్ గోడ పల్చటి అల్యూమినియం రేకు, దాన్ని నమ్మే పని లేదు. అసలు బ్రాకెట్ ఛాసిస్ గొట్టానికి వెల్డ్ చెయ్యాలి. నా ఆలోచన ఇది. మోటారు తోసే బలం బూస్టర్ లోపలే సిలిండర్ మీద పడి, దాని బోల్టుల ద్వారా వెనక్కి వచ్చి చెల్లిపోతుంది. బ్రాకెట్ మీద పడేది కడ్డీ తోపు ఒక్కటే. అలా అయితే బ్రాకెట్‌కి అసలు గండం బూస్టర్ ఆగిపోయినప్పుడు, మనిషి కంగారులో ఉన్న బలమంతా పెట్టి తొక్కినప్పుడు. 100 కిలోలు తొక్కుతారనుకుంటే కడ్డీలో 500 కిలోలు. ఇది సరేనా? నువ్వు కాలేజీలో పిల్లలకి స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ చెబుతున్నావు, నీ కన్ను పడితే నాకు ధైర్యం. డ్రాయింగ్ ఈ కవర్లోనే పెట్టాను. 6 మిల్లీమీటర్ల ఉక్కు ప్లేటు, రెండు పక్కలా త్రికోణం ముక్కలు. ముల్లు పావు మిల్లీమీటరుకి మించి కదలకూడదని నా పట్టు.

నీ లెక్క అందాకే వెల్డింగ్. ఆ తర్వాత తెలిసినవాళ్ల ఫ్యాక్టరీ ఖాళీ స్థలంలో, 50 కిలోమీటర్ల వేగంలో, ఫ్యూజు తీసేసి నేను ఆపి చూస్తాను. రూల్ లెక్కని ఈ వేగానికి సరిచేస్తే 45 మీటర్ల లోపు ఆగాలి. ఆగితే పద్మ చేత కూడా ఆపిస్తాను.

అమ్మకి నా నమస్కారాలు చెప్పు. డ్రాయింగ్‌లో ఎక్కడ ఎర్ర పెన్ను పెట్టినా మొహమాటపడకు, ఫోటో తీసి పంపు.

నీ
రఘు