పిండారీ దారిలో వదినా, నేనూ

మా వదిన ముప్ఫై ఏళ్ళకి పైగా జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్పింది. ఏటా పిల్లలకి నల్లబల్ల మీద హిమానీనదం బొమ్మ గీసేది. పైన మంచు, కింద నాలుకలా సాగిన మొన, అటూ ఇటూ రాళ్ళ గుట్టలు. రిటైరైన రోజు సాయంత్రం సన్మానం శాలువా మడత పెడుతూ, "ఇన్నేళ్ళూ గీశానే గానీ ఒక్కటీ కళ్ళతో చూళ్ళేదు" అంది. అందరూ నవ్వేశారు. నేనూ నవ్వాను. తర్వాత ఒక రోజు ఫోన్ చేసి, "పిండారీ అని ఒకటుందిట. మనలాంటి వాళ్ళు కూడా నడవొచ్చుట. వస్తావా?" అంది.

వదినంటే మా వారి అక్కయ్య. ఆవిడకి అరవై దాటాయి, నాకు యాభై మూడు. నాకు మోకాళ్ళ నొప్పులు, ఆవిడకి బి.పి. ఇద్దరం డాక్టర్లకి చూపించుకుని, సరే అనిపించుకున్నాం. మూణ్ణెల్ల పాటు ప్రతి శనివారం మంగళగిరి కొండ మెట్లు ఎక్కి దిగాం. కొత్త బూట్లు కొన్న రోజు నించే ఇంట్లో వేసుకుని తిరిగాను. బూట్లతో వంటింట్లోకి ఏమిటని మా అత్తగారు రెండ్రోజులు మాట్లాడలేదు. మాట్లాడకపోతే పోయారు గానీ, దారి పొడుగునా నా కాళ్ళకి ఒక్క బొబ్బ రాలేదు.

2023 దసరా వెళ్ళాక బయల్దేరాం. ఢిల్లీ నించి రాత్రి రాణీఖేత్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి కాఠ్‌గోదాం. అక్కణ్ణించి జీపులో ఆల్మోడా మీదుగా బాగేశ్వర్. ఘాట్ రోడ్డు మలుపులకి నా కడుపులో తిప్పేసింది. నిమ్మకాయ వాసన చూస్తూ కూచున్నాను. అంతకంటే ఆ రోజు గురించి చెప్పడానికేం లేదు.

బాగేశ్వర్ మాత్రం చెప్పుకోవాల్సిన ఊరు. సరయూ, గోమతీ కలిసే చోట బాగ్‌నాథుడి గుడి. వెనకటికి తెల్లదొరలు కొండల్లో తిరగడానికొస్తే వాళ్ళ సామాన్లు ఊరివాళ్ళు మోసి తీరాలి. ఎవరి వంతు ఎప్పుడో రిజిస్టర్లుండేవిట. 1921లో సంక్రాంతి జాతరకి, అక్కడ ఉత్తరాయణీ అంటారు, వేలమంది పోగై ఆ రిజిస్టర్లు పట్టుకెళ్ళి సరయూలో పారేశారు. ఆ వెట్టి అంతటితో ఆగింది. వదిన మెట్ల మీద కూచుని ఇదంతా నాకు పాఠంలా చెప్పింది. మర్నాడు మా సంచులు మోయడానికి వచ్చిన కుర్రాడితో కూలి ముందే మాట్లాడి, పైన పది రూపాయలు తగ్గించమని నేనడగబోతే, కళ్ళతోనే నన్ను ఆపేసింది.

వెనకటికి లోహార్‌ఖేత్ నించే నడవాలిట. ఇప్పుడు జీపు ఖర్కియా దాకా వెళ్తుంది. అక్కణ్ణించి ఖాతీ ఊరు అయిదు కిలోమీటర్లు. ఆ దారిలో అదే ఆఖరి ఊరు. దాని తర్వాత ఇళ్ళుండవు, ప్రభుత్వం వాళ్ళ విడిది గృహాలు మాత్రం ఉంటాయి.

ఖాతీలో ఇళ్ళ కప్పుల మీద ఎర్రటి తోటకూర కంకులు ఆరబోశారు. గింజల కోసం పెంచే రకం. చూరుకి మొక్కజొన్న పొత్తులు జడల్లా వేలాడుతున్నాయి. ఆడవాళ్ళు చలికాలం పశువులకని గడ్డి కోసి, మనిషి కనపడనంత మోపు వీపున వేసుకుని దిగుతున్నారు. మోపుకి రెండు కాళ్ళు మొలిచి నడుస్తున్నట్టే ఉంటుంది. ఒకావిడ మోపు దింపి మా పక్కన కూచుంది. వదినకి హిందీ ప్రచార సభ పరీక్షల హిందీ ఉంది కదా, మాట కలిపింది. మీ మగవాళ్ళేరీ అనడిగిందావిడ. ఇంట్లో ఉన్నారు, వంట చేసుకుంటున్నారు అంది వదిన. ఆవిడ నవ్వి నవ్వి, దూరంగా గడ్డి కోస్తున్న వాళ్ళని కేకేసి మరీ చెప్పింది.

ఆ రాత్రి భోజనం చూసి నేనే ఆశ్చర్యపోయాను. "మండువా" రొట్టె అని వేశారు. చూస్తే మన రాగి రొట్టె! "గహత్" పప్పన్నారు. నోట్లో పెట్టుకుంటే ఉలవలు! చలికి ఒంట్లో వేడి పుట్టిస్తుందనీ, మూత్రపిండాల్లో రాళ్ళకి మంచిదనీ వాళ్ళూ మనలాగే చెప్పుకుంటారు. అన్నిటికంటే దోసకాయ రైతా. అక్కడి దోసకాయ మన సొరకాయంత ఉంటుంది. దాన్ని కోరి, ఉప్పు వేసి పిండేసి, గట్టి పెరుగులో కలుపుతారు. పచ్చి ఆవాలు, పచ్చిమిర్చి నూరి వేసి, చిటికెడు పసుపు. ఆవ ఘాటు ముక్కుకి ఎక్కాలి. మన ఆవపెట్టిన పెరుగుపచ్చడికి అక్కాచెల్లెళ్ళే. ఇంటికొచ్చాక కీరా దోసకాయతో చేశాను, బాగానే కుదిరింది. కాకపోతే ఆవాలు నూరాక ఎక్కువసేపు ఉంచకండి, చేదెక్కుతుంది.

రెండో రోజు ఖాతీ నించి ద్వాలీకి పదకొండు కిలోమీటర్లు. పక్కనే పిండార్ నది హోరు. ఇదే కిందికెళ్ళి కర్ణప్రయాగలో అలకనందలో కలుస్తుంది. 2013 వరదల్లో ఈ దారీ, వంతెనలూ చాలా చోట్ల కొట్టుకుపోయాయి. ఒకచోట కొండ పక్క మొత్తం జారిపోయి ఉంటే, మా గైడు అబ్బాయి ముందు నడిచి, చెయ్యి అందించి దాటించాడు. వదినని "ఇజా" అని పిలిచేవాడు. వాళ్ళ భాషలో అమ్మ అని. నన్ను మాత్రం ఆంటీ అన్నాడు, చూడండి మరి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆడవాళ్ళం ప్రయాణంలో చేసే తప్పే ఇది. దారిలో చాటు ఉండదని, రాత్రి ఆ చలిలో లేచి బయటికి వెళ్ళాల్సి వస్తుందని, వదిన ఖాతీ నించే నీళ్ళు తాగడం తగ్గించేసింది. నాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాను, ఎందుకంటే నేనూ అదే చేస్తున్నాను. సీసాలో నీళ్ళు నిండుగా ఉన్నాయని మోసిన కుర్రాడు కూడా గమనించాడుట గానీ, పెద్దవాళ్ళకి ఏం చెప్తాంలే అనుకున్నాడు.

మూడో రోజు ద్వాలీ నించి ఫుర్కియా అయిదే కిలోమీటర్లు. కానీ అంతా ఎక్కుడే. 2,600 మీటర్ల దగ్గర్నించి 3,260 మీటర్లకి వెళ్తాం. చేరేసరికి మధ్యాహ్నం. చెట్లు పొట్టివైపోయాయి, ఎండ చురుక్కుమంటున్నా నీడలోకి వస్తే వణుకు. నా కొబ్బరినూనె సీసాలోనే రాయి అయిపోయింది. అక్కడ నీళ్ళు 89 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. అంచేత కుక్కర్ లేనిదే పప్పు ఉడకదు. వంటమనిషి కుక్కర్ మూతకి తడిగుడ్డ చుట్టి, విజిల్ తర్వాత విజిల్ వేయిస్తూనే ఉన్నాడు. నేను తీసుకెళ్ళిన కందిపొడి, నెయ్యి ఆ రోజు ఆదుకున్నాయి.

వదిన తినలేదు. తల పగిలిపోతోందంది. రాత్రి ఎనిమిదింటికి ఒక వాంతి, పదింటికి ఇంకోటి. బి.పి. మాత్ర వేసుకుందా లేదా, నాకు చేతులాడలేదు. మా వారికి ఏం చెప్పను? ఫోన్ సిగ్నలే లేదు. గైడు వచ్చి చూసి, మొదట అడిగింది ఒకటే: "ఇజా, ఇవాళ నీళ్ళెన్ని తాగారు?" ఆవిడ జవాబు చెప్పలేదు. నేను చెప్పాను. ఆ అబ్బాయికి పాతికేళ్ళుంటాయేమో, మా ఇద్దర్నీ కూచోబెట్టి చీవాట్లు పెట్టాడు. ఎత్తు వల్ల వచ్చే తలనొప్పికి నీళ్ళు తక్కువైన తలనొప్పి తోడైతే ఏది ఏదో తెలీదుట. తలనొప్పీ వాంతులూ ఉండగా ఇంకా పైకి ఎక్కకూడదు, అది రూలు. మాట తడబడినా, నడక తూలినా అర్ధరాత్రి అయినా సరే కిందికి దింపేస్తానన్నాడు. గ్లాసు గ్లాసు చొప్పున గోరువెచ్చటి నీళ్ళలో ఉప్పూ పంచదారా కలిపి పట్టించాం. రాత్రంతా గంటకోసారి లేచి, "వదినా, మీ పేరు చెప్పండి, ఊరు చెప్పండి" అని అడుగుతూనే ఉన్నాను. మూడోసారికి, "నోర్మూసుకుని పడుకోవే" అంది. అప్పుడు కాస్త ధైర్యం వచ్చింది.

తెల్లవారుజామున వాంతులు లేవు, తలనొప్పి మాత్రం ఉంది. గైడు ఇంకో మాట లేకుండా ద్వాలీకి దిగిపోదామన్నాడు. జీరో పాయింట్ అక్కడికి ఏడు కిలోమీటర్లే. ఒక రోజు ఆగుదామా అంటే, తిరుగు టిక్కెట్లు ముడిపడి ఉన్నాయి. అదనంగా ఒక్క రోజు పెట్టుకోలేదు మేము. మీరు ఎప్పుడైనా వెళ్తే ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి.

నేనూ దిగుతానన్నాను. వదినకి కోపం వచ్చింది. "ఇద్దరం చూడకుండా పోవడానికా మెట్లెక్కింది?" అంది. మా పక్క గదిలో కలకత్తా నించి వచ్చిన అక్కాచెల్లెళ్ళున్నారు. కోతి టోపీలు పెట్టుకుని, ఆ వేళ పైకెళ్ళడానికి తయారుగా ఉన్నారు. వదినే వెళ్ళి వాళ్ళతో మాట్లాడేసింది. తర్వాత సంచిలోంచి గీతల నోట్‌బుక్ తీసి, ఒణుకుతున్న చేత్తో రాసిచ్చింది. లోయ "వి" ఆకారం నించి "యు" ఆకారానికి ఎక్కడ మారింది? నీళ్ళ రంగేమిటి? పక్క గుట్టల ఎత్తెంత? మొన ఏ రంగులో ఉంది? కింద, "బొమ్మ గియ్యి. అందంగా అక్కర్లేదు" అని.

గైడు చెయ్యి పట్టుకుని ఆవిడ కిందికి, నేను పైకి. మలుపు దాకా వెనక్కి చూస్తూనే ఉన్నాను. ఆవిడ ఒక్కసారీ తిరిగి చూళ్ళేదు.

గడ్డి మీద మంచు పొడి పరిచినట్టుంది, కాలు పెడితే కరకరమంటోంది. వదిన మొదటి ప్రశ్నకి జవాబు అడక్కుండానే దొరికింది. ద్వాలీ దిగువన నది కొండల్ని కత్తితో కోసినట్టు ఇరుకుగా ఉంటుంది. ఫుర్కియా దాటాక లోయ ఒక్కసారి వెడల్పైపోయి, అడుగు పళ్ళెంలా, గోడలు నిలువుగా అయిపోయాయి. ఒకప్పుడు మంచు నిండుగా పారి తొలిచిన చోటన్నమాట. నీళ్ళు పల్చటి మజ్జిగ రంగు. మంచు కింద రాళ్ళు నలిగి పిండైపోయి నీళ్ళలో కలుస్తుందిట. ఎండ ముందు 6,861 మీటర్ల నందాకోట్ శిఖరం మీద పడి, నెమ్మదిగా కిందికి దిగింది. దారిలో ఒక సాధువు కుటీరం దగ్గర వేడి టీ తాగాం. ప్రతి ఇరవై అడుగులకీ ఆగుతూ, ప్రతిసారీ రెండు గుక్కల నీళ్ళు తాగుతూ నడిచాను. చాటు ఎక్కడ దొరికితే అక్కడే. కలకత్తా అక్కగారు శాలువా అడ్డం పట్టుకుంది, తర్వాత నేను ఆవిడకి పట్టుకున్నాను.

జీరో పాయింట్ అంటే ఏదో ఉంటుందనుకున్నాను. 3,600 మీటర్లు దాటాక దారి ఒక అంచు దగ్గర విరిగిపోయినట్టు ఆగిపోతుంది, అంతే. ముందు మట్టి, రాళ్ళు జారిపోయిన పెద్ద గండి. అవతల, కొండ సందులోంచి హిమానీనదం మెట్లు మెట్లుగా పగిలి వేలాడుతోంది. దాని తలమీదున్న కనుమని 1830లో ట్రైల్ అనే ఇంగ్లీషు కమిషనరు దాటాడని, దానికి ఆయన పేరే పెట్టారు.

నిజం చెప్పొద్దూ, కేలండర్లో బొమ్మలా తెల్లగా ఉంటుందనుకున్నా. పైన తెల్లగానే ఉంది. కిందికొచ్చేసరికి బూడిద రంగు, మసిగుడ్డలా. పక్కన రాళ్ళ గుట్టలు మాత్రం మహా ఎత్తు, లోపల మంచు లేకుండా ఉత్త గోడల్లా మిగిలిపోయాయి. ఒకప్పుడు ఆ గోడల అంచుదాకా మంచు ఉండేదిట. 1845 నించి 1966 లోపలే ఇది రెండున్నర కిలోమీటర్ల పైచిలుకు వెనక్కి తగ్గిందని కొలిచారు. తర్వాత కూడా తగ్గుతూనే ఉంది. ఎక్కడో ఫెళ్ళుమని చప్పుడైంది. మంచు విరిగిందన్నారు, కళ్ళకి మాత్రం ఏం కనపళ్ళేదు.

చేతికున్న ఉన్ని తొడుగు తీసేసి, నోట్‌బుక్‌లో బొమ్మ గీశాను. ఇంట్లో ముగ్గు తప్ప ఇంకేం గీసెరగను. ముగ్గులాగే వచ్చింది. పావుగంటలో వేళ్ళు కొంకర్లు పోయాయి.

దిగడం ఎక్కడం కంటే కష్టం, మోకాళ్ళ వాళ్ళకి తెలుస్తుంది. చేతికర్ర లేకపోతే దొర్లేదాన్నే. పన్నెండు కిలోమీటర్లు దిగి ద్వాలీ చేరేసరికి సంధ్య వాలిపోయింది. వదిన వంటగది గుమ్మంలో పొయ్యి వెలుతురుకి కూచుని, పళ్ళెంలో ఉలవల్లో రాళ్ళేరుతోంది. తలనొప్పి మధ్యాహ్నానికే పోయిందిట. పక్కన నీళ్ళ సీసా, సగం ఖాళీ.

నన్ను చూసి లేవలేదు. చెయ్యి చాపింది. నోట్‌బుక్ ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని, పొయ్యి దగ్గరికి జరిగి చాలాసేపు చూసింది.

"మొన ఇంత పైకి ఉందా? లేక నీకు గియ్యడం రాకా?"

"అంత పైనే ఉంది వదినా."

ఇంకాసేపు చూసింది. మరి ఈ మధ్యలో ఏముందని వేలు పెట్టి చూపించింది.

"ఏం లేదు. రాళ్ళే."

గైడు అబ్బాయినడిగి పెన్సిల్ తెప్పించుకుంది. నేను గీసిన గుట్టల గీతని సరిచేసి, ఆ ఖాళీలో చిన్న చిన్న చుక్కలు పెట్టడం మొదలెట్టింది.